గేటు వైపు తిరిగిన జత

మూడో బకెట్టు నీళ్లు కుమ్మరించి, పుల్లల చీపురుతో ఆ చివరి దాకా తోసుకుంటూ వెళ్లి, అక్కడ నడుం నిటారు చేశాడు ఆయన. సిమెంటు గట్టు తడిసి నల్లగా కనిపిస్తోంది. దాని మీద జానెడున్నర ఎడంతో తెల్లరంగు గీతలున్నాయి. గీతకూ గీతకూ మధ్య ఒక జత చెప్పులు పడతాయి. అలాంటి గడులు నూట ఇరవై. రంగు మాసినప్పుడల్లా ఆయనే కొత్తగా వేసుకుంటాడు, ఎవరూ వేయమని చెప్పకపోయినా. గట్టుకు ఇవతల పార్కు: గడ్డి, ఉయ్యాలలు, నాలుగు సిమెంటు బల్లలు, గేటు. అవతల నలభై రెండు మెట్లు, వాటి కింద బండలు, బండల మధ్య నది.

మెట్ల మీద నాచు ఎప్పుడూ ఉంటుంది. చెప్పులతో దిగితే జారి పడతారని, చెప్పులు పైనే విప్పి దిగాలని ఆఫీసువాళ్లు ఎప్పుడో బోర్డు పెట్టారు. బోర్డు పెట్టారు గానీ బోర్డు చదివేవాళ్లను ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని దాని పక్కన ఈయన్ని నిలబెట్టారు. కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు కాపలాదారు. చొక్కా ఖాకీది, మెడలో నల్లతాడుకు వేలాడే విజిల్, చేతిలో వెదురు కర్ర. మనిషి సన్నగా, కుడిభుజం కాస్త కిందికి వాలి, ఏదో సంచి మోస్తున్నట్టుంటాడు గానీ ఏ సంచీ ఉండదు. ఎడమ మోకాలు మాట వినడం మానేసి అయిదేళ్లవుతోంది.

పందొమ్మిదేళ్లలో ఆయన తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నది దగ్గరికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పిల్లలు పరుగెత్తుతారు, పెద్దవాళ్లు బండల చాటున కూర్చుంటారు, ఒక కుటుంబంతో దిగినవాడు ఇంకో కుటుంబంతో కలిసి ఫోటో దిగుతుంటాడు. చెప్పులు మాత్రం పెట్టినచోట ఉంటాయి. పైన ఎన్ని జతలుంటే కింద అంతమంది ఉన్నట్టు. వచ్చినవాళ్లు నది మీది ఆత్రంలో చెప్పుల ముక్కులు నది వైపే ఉంచి దిగిపోతారు. వాళ్లు నాలుగు మెట్లు దిగగానే ఆయన కర్ర కొనతో ఆ జతను నెమ్మదిగా వెనక్కి తిప్పి, ముక్కులు గేటు వైపు పెడతాడు. చేత్తో ముట్టుకోడు. అది పొగరు కాదు, వంగితే మోకాలు ఒప్పుకోదు. తిప్పడం వల్ల రెండు లాభాలు. తొందరలో పైకొచ్చినవాళ్లు కాళ్లు దూర్చి అలాగే నడిచిపోవచ్చు. రెండోది ఆయన సొంతానికి: గేటు వైపు తిరిగి ఉన్న జత అంటే తాను చూసిన జత, లెక్కలోకి వచ్చిన జత.

అందుకే ఆయన్ని అక్కడ అందరూ జతలాయన అంటారు. మొదట్లో వేళాకోళానికి అన్నారు. తర్వాత ఆఫీసు నోటీసులో కూడా "జతలాయన గారు సెలవులో ఉన్నారు" అని రాశారు. ఏడాదికి ఒకసారి తీసుకునే సెలవు అది.

పొద్దున తొమ్మిదింటికి గేటు తీశారు. టికెట్లిచ్చే ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఏం జతలాయనా, ఇవాళ మీ ఇంటివాళ్లు వస్తున్నారటగా. మీ ఆవిణ్ణి చూడాలని నాకెప్పట్నుంచో ఉంది. ఇన్నేళ్లూ ఇంట్లో దాచిపెట్టారు."

"నేను దాచడమేంటమ్మా. ఇంట్లో చూసే మొహాన్ని మళ్లీ పార్కుకొచ్చి చూడాలా అంటుంది ఆవిడ."

టికెట్లావిడ నవ్వి తల లోపలికి తీసుకుంది. అసలు సంగతి వేరు. ఆయన భార్యకు ఆ నది అంటే గిట్టదు. అన్నం పెడుతోంది కదాని ఊరుకుంటున్నాను గానీ దాని మొహం చూడను అని తొమ్మిదేళ్ల కిందట అన్నది, ఆ మాట మీదే ఉంది. కూతురు మనవరాలితో సెలవులకు వచ్చి, బతిమాలి, చివరికి అలిగి, ఇవాళ రావడానికి ఎలాగో ఒప్పించింది. అల్లుడికి డ్యూటీ పడి రాలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన లోపల చాలా సంతోషంగా ఉన్నాడు. గట్టును మామూలుగా రెండు బకెట్లతో కడుగుతాడు, ఇవాళ మూడు పోశాడు.

కడగడం అయ్యాక నది వైపు చూశాడు. నీళ్లు ఎప్పుడూ లేనంతగా వెనక్కి పోయాయి. ఏనుగు బండ అని పిలిచే పెద్ద బండ పాదాలు ఆయన ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు, ఇవాళ పూర్తిగా బయటపడ్డాయి. దాని అవతల ఇంకా బండలున్నాయి, పాచి ఎండి తెల్లబడి, ఎవరూ తొక్కనివి. రోజూ ఆ మధ్యలో నిలబడే కొంగలు ఇవాళ ఒక్కటీ లేదు. ఆకాశం ఇక్కడ నిర్మలంగా ఉంది. ఎగువన, ఆనకట్ట ఉన్న దిక్కున మాత్రం కొండల వెనక నల్లగా ఉంది.

నీళ్లు తక్కువున్న రోజు భయం లేదనుకుంటారు చూడటానికి వచ్చేవాళ్లు. ఆయన లెక్క వేరు. నీళ్లు తక్కువైతే జనం దూరం వెళతారు. దూరం వెళ్లినవాళ్లు తిరిగి రావడానికి ఎక్కువసేపు పడుతుంది.

పది దాటాక సూపర్వైజరు ఫోను చెవికి పెట్టుకుని వచ్చాడు. చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, ఈ పార్కుకు వచ్చి ఏడాది కాలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "పైన వాన పడుతోందట. ఆనకట్టవాళ్లు గేట్లు ఎత్తితే ఎత్తొచ్చు అంటున్నారు" అన్నాడు.

"అయితే ఇవాళ కిందికి దించడం ఆపేద్దామా సార్?"

"సెలవు రోజండీ. ఇంతమంది పిల్లాపాపలతో వచ్చాక నది దగ్గరికి పోవద్దంటే ముందు నన్ను నదిలో పడేస్తారు. సైరన్ ఇస్తారు కదా, అప్పుడు చూసుకుందాం."

సైరన్లు రెండు. మొదటిది గేట్లు ఎత్తబోతున్నామని. రెండోది ఎత్తామని. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మామూలుగా అరగంట ఉంటుంది. రెండోది మోగాక నీళ్లు ఇక్కడికి చేరడానికి ఒక టీ కాచుకుని తాగేంత సమయం పడుతుంది. మొదటి సైరన్‌కు ఆయన పొట్టి పొట్టిగా విజిల్ వేస్తూ అందర్నీ పైకి రప్పిస్తాడు. గట్టు ఖాళీ అయ్యాక ఒకే ఒక్క విజిల్ వేస్తాడు, ఊపిరి ఉన్నంతసేపూ సాగే పొడుగు విజిల్. కింద ఎవరూ లేరు అని దాని అర్థం. అది వినబడితేనే టికెట్లావిడ పుస్తకంలో సమయం రాసుకుంటుంది.

తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు ఆ పొడుగు విజిల్ ఆయన తప్పుగా వేశాడు. ఆ సాయంత్రం గట్టు మీద ఒక జత మిగిలింది. ఆడవాళ్లది, నీలంరంగు, ఒకదాని పట్టీ తెగి ఉంది. "తెగిన చెప్పును ఎవరు మోసుకెళ్తారు, వదిలేసి పోయుంటారు" అన్నాడు అప్పటి సూపర్వైజరు. ఆయనకూ అదే సబబుగా తోచింది. విజిల్ వేశాడు. ఏనుగు బండ వెనక కూర్చున్న ఆ మనిషికి పుట్టు చెవుడని మర్నాడు తెలిసింది. అప్పటికి రెండు మలుపుల దిగువన, నదిలో దొరికింది. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని చాలాకాలం ఎదురుచూశాడు.

అప్పట్నుంచి ఇంట్లో కూడా మొదలైంది. గుమ్మం ముందు ఎవరు చెప్పులు విప్పినా ఆయన లేచి వెళ్లి వాటిని వీధి వైపు తిప్పి వస్తాడు. చుట్టాలకు అది మొదట అనుమానం కలిగించింది, తమను త్వరగా పంపించేస్తున్నాడేమోనని. భార్య ఒకసారి నచ్చజెప్పి చూసి వదిలేసింది. కూతురు నవ్వుకుంది. మనవరాలు మాత్రం చాలా శ్రద్ధగా నేర్చుకుంది. దానికి ఏడేళ్లు, మాట ఆగదు, అందుకని దాన్ని అందరూ పిట్ట అంటారు. ఎవరింటికి వెళ్లినా గుమ్మం ముందున్న చెప్పులన్నీ తిప్పిగానీ లోపలికి రాదట.

పదకొండున్నరకు వాళ్లు ముగ్గురూ వచ్చారు. ముందు పిట్ట పరుగెత్తుకుంటూ, వెనక కూతురు భుజానికి పెద్ద గుడ్డసంచీతో, ఆ వెనక భార్య, చుట్టాలింటికి మొదటిసారి వచ్చినదానిలా అటూ ఇటూ చూస్తూ. ఆయన బోర్డు పక్కన ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

"చెప్పులిక్కడ విప్పాలి" అన్నాడు.

"నేను కూడానా?" అన్నది భార్య.

"బోర్డు చదవలేదా?"

"చదివాను. ఇంత కటువుగా ఉందంటే మీరే రాసుంటారు అనుకున్నాను."

కూతురు పెదవులు బిగపట్టి నవ్వు ఆపుకుంది. మూడు జతలూ మూడు గడుల్లో పెట్టారు. కర్రతో ఆయన తిప్పబోయేసరికి పిట్ట తనది తనే తిప్పేసుకుంది, అమ్మదీ అమ్మమ్మదీ కూడా. అరవై నాలుగు, అరవై అయిదు, అరవై ఆరు అని ఆయన లోలోపల అనుకున్నాడు. భార్య మెట్టు దిగబోతూ ఆగి ఆయన కాళ్ల వైపు చూసింది. ఎడమ చెప్పు పట్టీ ఊడితే పిన్నీసు పెట్టాడు, పిన్నీసు తుప్పు పట్టింది. మడమల కింద అట్ట అరిగి నేలకు అంటుకుపోయింది.

"ఇంతమంది చెప్పులు చూస్తారు గదా రోజూ. మీవి చూసుకోరా?"

"ఇంకా ఆర్నెల్లు వస్తాయి."

"పోయినేడాదీ అదే మాట."

ఆ మాట నిజమే. ఎవరైనా కొత్తవి కొనిపెడితే అటక మీద పెడతాడు. ఏదైనా పెళ్లికి వేసుకుంటానంటాడు, పెళ్లికి పాతవే వేసుకుని వెళతాడు. అలా అటక మీద మూడు జతలున్నాయి, ఒకటి ఎలుక కొరికింది.

వాళ్లు కింద గంటసేపు ఉన్నారు. ఆయన పైనుంచి ఆ ముగ్గుర్నీ చూడకుండా ఉండటానికి ప్రయత్నించి ఓడిపోయాడు. భార్య చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని మడమల దాకా నీళ్లలో నిలబడింది. చాలాసేపు అలాగే కదలకుండా నిలబడి, వంగి నీళ్లు చేత్తో ముట్టుకుంది. నదితో రాజీ పడుతోందనుకున్నాడు ఆయన. వాళ్లు పైకి వచ్చాక నలుగురూ సిమెంటు బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్నారు. ఉద్యోగంలో చేరాక డ్యూటీ రోజున ఇంటివాళ్లతో కలిసి మధ్యాహ్నం తినడం ఆయనకు అదే మొదటిసారి. తింటున్నంతసేపూ మెడ గట్టు వైపే తిరిగి ఉంది.

"కూర ఎలా ఉంది?" అని భార్య అడిగితే "డెబ్బై ఒకటి" అన్నాడు. ముగ్గురూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

నాలుగు గంటలకు జతలు తొంభై దాటాయి. ఎండ ఉండగానే గాలి చల్లబడింది. నీళ్లలో గడ్డిపరకలు, పుల్లలు కొట్టుకు రావడం మొదలైంది. బండల అంచుల్లో నురగ ఆగుతోంది. ఏనుగు బండకు అవతల, ఇవాళే బయటపడిన బండల దాకా ఎవరో నలుగురు కుర్రకారు ఫోటోల కోసం వెళ్లారు. ఆయన విజిల్ వేశాడు. వాళ్లు చెయ్యి ఊపారు, సరదాగా. ఇక లాభం లేదని ఆయనే మోకాలు పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ సమయంలో ఆయన పైన లేడు కాబట్టి పైన జరిగింది మనమే చెప్పుకోవాలి. కూతురు గుడ్డసంచీలోంచి ఒక అట్టపెట్టె తీసింది. లోపల మగవాళ్ల చెప్పులు, ముదురు గోధుమరంగు తోలువి, మెత్తటి అట్ట. తండ్రి నిద్రపోతున్నప్పుడు ఆయన పాత చెప్పును పాత పేపరు మీద పెట్టి, చుట్టూ పెన్సిలు గీసుకుని, ఆ కాగితం షాపుకు పట్టుకెళ్లి కొన్నది.

"ఇంటికెళ్లాక ఇవ్వవే" అన్నది అమ్మమ్మ.

"ఇంట్లో ఇస్తే అటకెక్కుతాయమ్మా. ఇక్కడైతే ఆ టికెట్లావిడ కూడా చూస్తుంది, సిగ్గుపడైనా కాళ్లకు వేసుకుంటాడు."

"నేను వరసలో పెడతా" అన్నది పిట్ట. "తాతయ్య లెక్కపెట్టుకుంటూ వచ్చి ఇవెవరివబ్బా అంటాడు. అప్పుడు చెబుదాం, నీవేనని."

చెప్పులు రెండింటినీ కలిపి సన్నటి తెల్లదారం కట్టి ఉంది. పిట్ట దాన్ని పళ్లతో కొరకబోతే కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దే. దారం తెంపితే షాపువాడు మార్చి ఇవ్వడు. సరిపోయాయో లేదో చూసుకుని తాతయ్యే తెంపుకుంటాడు."

పిట్ట పరుగెత్తి, వరస చివర ఖాళీ గడిలో ఆ జతను పెట్టింది. దారం కనిపిస్తే తాతయ్యకు ముందే తెలిసిపోతుందని వేలితో దాన్ని అట్టల సందులోకి తోసింది. ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. ఏదో తప్పు కనబడింది. మళ్లీ వంగి, ముక్కులు నది వైపు ఉన్న ఆ జతను తాతయ్య చేసినట్టే గేటు వైపు తిప్పింది. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ప్రేమగా పెంచిన పిల్ల చేసే పనే.

కుర్రకారును వెంటబెట్టుకుని ఆయన మెట్లెక్కుతుండగా మొదటి సైరన్ మోగింది. కొండల వెనకనుంచి మొదలై, నది మీదుగా వచ్చి, పార్కంతా పరుచుకుంది. టైము నాలుగున్నర కూడా కాలేదు. ఉయ్యాలల మీది పిల్లలు ఊగడం ఆపారు. ఆయన పొట్టి విజిళ్లు మొదలుపెట్టాడు.

"పైకి రండమ్మా, పైకి రండి. మళ్లీ రేపు రావచ్చు, నది ఎక్కడికీ పోదు. బాబూ, ఆ పాపను ఎత్తుకో. పెద్దాయన్ని ముందు రానివ్వండి."

జనం ఎక్కి వస్తున్నారు. తడి కాళ్లు చెప్పుల్లో దూరుతున్నాయి, అలాగే గేటు వైపు నడిచిపోతున్నాయి. ఆయన వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడు: ఎనభై, డెబ్బై మూడు, అరవై. ఎవరో చంటిపిల్లాడి కోసం వెనక్కి తిరగబోతే భుజం పట్టి తోశాడు, పిల్లాడు అప్పటికే వాళ్లావిడ చంకలో ఉన్నాడు. ఈలోగా పిట్ట వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"తాతయ్యా, ఆ చివర..."

"తర్వాత, పిట్టా."

"అది కాదు, ఆ చివర గడిలో చూశావా?"

"తర్వాత చెబుదువుగాని. అమ్మ చెయ్యి పట్టుకో." తల ఎత్తి కూతురితో, "గేటు దాటి రోడ్డెక్కండి. నేను వచ్చేదాకా ముగ్గురూ లోపలికి రావద్దు" అన్నాడు.

"నాన్నా, ఒక్క నిమిషం..."

"చెప్పింది చెయ్యి."

ఆ గొంతు కూతురు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పిల్లను లాక్కుని నడిచింది. ఎలాగూ గట్టు ఖాళీ అయ్యాక చూస్తాడు కదా, అదే సరదాగా ఉంటుందనుకుంది. భార్య మాత్రం గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆయన చెయ్యి ఊపాడు, పోండి పోండి అన్నట్టు.

ముప్ఫై. పద్దెనిమిది. తొమ్మిది. ఆకాశం ఇక్కడ కూడా మసకబారింది. సన్నగా తుంపర పడుతోంది. టికెట్లావిడ గేటుకు గొలుసు వేయడానికి సిద్ధంగా నిలబడింది. నాలుగు, మూడు. ఒక ముసలావిడ తన జత వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. ఆమె వెళ్లాక ఆయన గట్టు పొడుగునా చూశాడు.

ఒక జత మిగిలింది.

ఆయన ఆ చివరికి నడిచాడు. మగవాళ్లవి, పెద్ద సైజు, గోధుమరంగు. ముక్కులు గేటు వైపు ఉన్నాయి. అంటే తానే తిప్పాడు, అంటే ఆ మనిషి తన ముందునుంచే దిగాడు. ఎలాంటి మనిషి? ఎంత గుర్తు చేసుకున్నా ఆ కాళ్లు గుర్తుకు రాలేదు. భార్యను చూస్తూ కూర్చున్న ఆ గంటలో దిగి ఉంటాడు. తన ఇంటివాళ్లను చూసుకుంటూ ఒక మనిషిని చూడలేదు తాను.

సరిగ్గా అప్పుడు రెండో సైరన్ మోగింది. మొదటిది మోగి పావుగంట అయిందో లేదో.

సూపర్వైజరు గడ్డి మీదుగా పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా ఇక్కడేంటండీ? రండి, వెళ్దాం."

"ఒక జత ఉంది సార్."

"ఎవరో మరిచిపోయి ఉంటారు."

ఆ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు, ఇదే గట్టు మీద. "పాతవైతే నేనూ అదే అనుకుందును. కొత్తవి సార్, చూడండి. కొత్త చెప్పులు ఎవడూ మరిచిపోడు" అన్నాడు.

"పోనీ విజిల్ వేయండి. ఉంటే వస్తాడు."

"అందరికీ వినబడదు సార్."

"ఆగండి, ఆగండి. నేను గేటు దగ్గర అడిగొస్తా, ఎవరివైనా అయితే తెలుస్తుంది" అంటూ సూపర్వైజరు వెనక్కి పరుగెత్తాడు. ఆయన ఆగలేదు. నీళ్లు వచ్చేలోగా ఏనుగు బండ దాకా వెళ్లి రావచ్చు, మోకాలు సహకరిస్తే. ఇన్నేళ్లుగా ఎవర్నీ చెప్పులతో దిగనివ్వనివాడు ఇప్పుడు మాత్రం తాను దిగుతాడా? పిన్నీసు పెట్టిన తన పాత జతను ఆ కొత్త జత పక్క గడిలో విప్పాడు. దాన్ని తిప్పడానికి తీరిక లేకపోయింది. కర్ర ఊతంగా పెట్టుకుని మెట్లు దిగాడు.

కింద నిశ్శబ్దంగా ఉంది. గడ్డిపరకలు ఇందాకటికన్నా వేగంగా పోతున్నాయి. "ఎవరండీ? ఎవరున్నారు?" అంటూ బండ మీంచి బండ మీదికి వెళ్లాడు. రెండుసార్లు కాలు జారింది, కర్ర నిలబెట్టింది. ఏనుగు బండ ఇవతలి పక్క ఎవరూ లేరు. అవతలి పక్క చూడాలంటే ఇంకా పది అడుగులు వెళ్లాలి. వెనకనుంచి ఏదో కేక వినిపించి తిరిగి చూశాడు. పైన గట్టు మీద సూపర్వైజరు రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. మాట వినబడలేదు. గాలిలోకి అప్పటికే ఇంకో చప్పుడు చేరింది, దూరంగా బరువైన లారీలు వరసగా వస్తున్నట్టు. చేతులు ఊపడం రమ్మనో, అదిగో అటు చూడమనో ఆయనకు అర్థం కాలేదు. అటు చూడమనే అనుకున్నాడు. ఆ పది అడుగులూ వేశాడు.

బండ వెనక ఎవరూ లేరు. తొమ్మిదేళ్లుగా ఆయన కలలోకి వచ్చిన చోటు అది. కలలో ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఇవాళ తడి బండ, కాసింత నురగ, అంతే. అవతలి తెల్ల బండల మీద కూడా మనిషి జాడ లేదు. ఆయన ఛాతీలోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే అంత సంతోషం కలిగింది ఆయనకు. నీళ్లు పాదాల మీదికి వచ్చి, చూస్తుండగా పిక్కలకు చేరాయి. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

రోడ్డు మీద జనమంతా గేటుకు ఆనుకుని నిలబడ్డారు. ఇందాక సూపర్వైజరు వచ్చి "గోధుమరంగు కొత్త చెప్పులు ఎవరివండీ?" అని అడిగినప్పుడు పిట్ట చెయ్యెత్తింది. "మావే. తాతయ్యకు కొన్నాం" అన్నది గర్వంగా. అతని మొహం ఎందుకలా మారిందో, అంత వేగంగా వెనక్కి ఎందుకు పరుగెత్తాడో దానికి తెలియలేదు. తల్లికి తెలిసింది. ఆమె గేటు ఊచలు పట్టుకుని ఉంది. పక్కన అమ్మమ్మ కూతురి మొహం చూసింది.

అప్పుడు పొడుగు విజిల్ వినబడింది. సన్నగా, నిలకడగా, ఊపిరి ఉన్నంతసేపూ సాగి, ఆగింది.

"కింద ఎవరూ లేరట" అన్నది టికెట్లావిడ అలవాటుగా. పుస్తకం తీసి సమయం రాసుకుంది: నాలుగూ యాభై ఒకటి. "వచ్చేస్తారమ్మా, ఇక కంగారు లేదు" అని భార్య భుజం మీద చెయ్యి వేసింది. భార్య ఆ చెయ్యి తీయలేదు. గేటు అవతల గడ్డి మీదికి చూస్తూ నిలబడింది. నీళ్ల చప్పుడు వచ్చింది, చాలాసేపు అలాగే ఉంది. తగ్గలేదు. గడ్డి మీదుగా సూపర్వైజరు ఒక్కడే నడిచి వస్తున్నాడు. పరుగెత్తడం లేదు.

చీకటి పడేవేళకు నీళ్లు కిందినుంచి ముప్ఫయ్యో మెట్టు దాకా వచ్చి నిలిచాయి. ఏనుగు బండ ఉన్న చోట ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. టార్చిలైట్లు వచ్చాయి, తాళ్లు వచ్చాయి, పడవ రావాలి అన్నారు, ఈ ఉరవడిలో పడవ వేయలేమన్నారు. భార్యను ఎవరో బల్ల మీద కూర్చోబెట్టారు, మధ్యాహ్నం అన్నం తిన్న బల్ల. కూతురు ఏడుస్తూ, తల కొట్టుకుంటూ, నేనే నేనే అంటోంది. ఎవరూ గమనించని సమయంలో పిట్ట గట్టు దాకా వెళ్లి, తాతయ్య పాత జత నది వైపు ఉండటం చూసి, వంగి దాన్ని గేటు వైపు తిప్పి, వచ్చి అమ్మమ్మ ఒళ్లో కూర్చుంది.

గట్టు మీద తుంపర పడుతూనే ఉంది. నూట ఇరవై గడుల్లో నూట పద్దెనిమిది ఖాళీ. చివర పిన్నీసు పెట్టిన పాత చెప్పులు, వాటి పక్కన గోధుమరంగు కొత్తవి, వాన నీటికి అట్టల సందులోంచి పైకి తేలి వచ్చిన తెల్లదారం, రెండింటినీ కలిపి ఇంకా తెంపకుండా.